తెట్టె తీసే మోటారు

టేకులపల్లి,
2-6-2025

బామ్మర్ది ప్రభుదాసుకు మీ బావ సంసోను వందనాలు.

మేము క్షేమం అని మొదలుపెట్టడం అలవాటు. ఈసారి అలా రాయలేను.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకని అనుకుంటావు. నాకు చెవులు సగం పోయాయి. ఫోన్‌లో అరవకుండా మాట్లాడలేను. ఇల్లేమో రెండు గదులు. నేను అరిస్తే కొడుకు రాజు వింటాడు. ఈ సంగతి వాడు వినకూడదు. నువ్వు కూడా ఫోన్ చేయకు. పోస్టులోనే రాయి.

కోడలు స్తుతి పెట్టించిన చేపల తొట్టి నువ్వు చూశావు. మూడడుగుల గాజుది. ఉప్పునీళ్ళు. నారింజ రంగు మీద తెల్ల పట్టీల చేపలు రెండు. పెద్దదానికి మీ అక్క పేరు పెట్టింది, చిన్నదానికి నా పేరు. "పెద్దది ఆడది మామయ్యా. చిన్నది దాని వెనకాలే తిరుగుద్ది, అచ్చం మీలాగే" అని నవ్వేది. మీ అక్క పోయాక కూడా చేపను జోజమ్మా అని పిలిచేది. కోడలు అత్త పేరు పెట్టి పిలిస్తే నాకు బాగానే ఉండేది.

తొట్టి వెనక ఒక గొట్టం ఉంది. నీళ్ళలో నురగ పుట్టించి, మురికిని ఆ నురగతో పైకి తెచ్చి గిన్నెలో పోస్తుంది. దాని మోటారు ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో తెలియదు. నాకు చప్పుడు వినపడదు కదా. శనివారం చెయ్యి పెట్టి చూస్తే అదురు లేదు.

రాజు ఊళ్ళో అందరి బోరు మోటార్లు బాగుచేసినవాడు. దీన్ని మాత్రం ముట్టుకోడు. పోయిన ఆగస్టులో వాడు విజయవాడ పోయింది ఈ మోటారు కోసమే. రెండు రోజులు అక్కడ ఉన్నాడు. ఆ రెండు రోజుల్లోనే స్తుతికి జ్వరం ముదిరింది. వాడు వచ్చి దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైందన్నారు. ఆ పిల్ల పోయిన పదో రోజున మోటారు బిగించాడు. మళ్ళీ దాని వైపు చూడలేదు.

జనవరిలో వాడు ప్రాణం తీసుకోబోయాడు. దవాఖానలో పదకొండు రోజులు ఉన్నాడు. నువ్వు వచ్చావు. ఇంటికి తెచ్చినప్పటి నుంచి తొట్టి ముందు మంచం వేసుకుని పడి ఉంటాడు. పెడితే తింటాడు. పెట్టకపోతే అడగడు. పొద్దున కళ్ళు తెరవగానే చేపలు ఉన్నాయా అని చూస్తాడు. ఉన్నాయి కాబట్టి ఆ రోజు గడుస్తుంది. నేను అలా అనుకుంటున్నాను. అవి పోతే ఏమవుతుందో కాగితం మీద పెట్టలేను.

నువ్వు రొయ్యపిల్లల హేచరీలో ఇరవై ఏళ్ళుగా ఉన్నావు. ఉప్పునీటి మోటార్లు నీకు తెలుసు. ఆగనిది కావాలి. ఏది ఆగదో ఆ పేరు రాయి.

ఇట్లు
సంసోను

ఉప్పాడ,
8-6-2025

బావా,

నీ చేతిరాత చూసి పదేళ్ళయింది. కవరు చూడగానే మా ఆవిడ ఏ పెళ్ళి శుభలేఖో అనుకుంది. చదివాక పొయ్యి మీద కూర మాడిపోయినా ఇద్దరం లేవలేదు.

ముందు ఒకటి చెప్పనీ. చేపల సంగతి తరవాత. ఇంట్లో పురుగుమందు డబ్బా ఒక్కటి కూడా ఉండకూడదు. చేలో గుడిసెలో కూడా ఉండకూడదు. వాణ్ణి ఒంటరిగా వదలొద్దు. ఖమ్మం డాక్టరు దగ్గరకి నెలనెలా తీసుకెళ్తున్నావా? మాత్రలు నీ కళ్ళ ముందే మింగించు. మొహమాటపడకు. నీ సంగతి నాకు తెలుసు. పెళ్ళి పందిట్లో కూడా ఇంకో గరిటె పప్పు అడగలేక చారుతో తిని లేచినవాడివి.

ఇక ఆ గొట్టాన్ని స్కిమ్మర్ అంటారు. చేపల విసర్జన, మిగిలిన మేత కుళ్ళి విషం కాకముందే నురగకి అంటించి బయటికి లాగేస్తుంది. ఉప్పునీటి తొట్టికి అదే కిడ్నీ అనుకో. మంచినీళ్ళ చేపలకి పెట్టే స్పాంజి ఫిల్టర్ ఈ పని చెయ్యదు. షాపువాడు ఏదైనా ఒకటే అంటాడు. నమ్మకు, కొనకు.

ఆగనిది కావాలన్నావు. ఆగని మోటారు దేవుడు కూడా చెయ్యలేదు బావా. ఆగితే బాగుచేసుకోగలిగిందే మంచిది. తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయో కొలిచి రాయి. వెనక గోడకీ గాజుకీ మధ్య ఎంత ఎడం ఉందో రాయి. రోజుకి ఎన్ని గంటలు కరెంటు పోతోందో కూడా.

అయినా రాజు చెయ్యి పెడితే పది నిమిషాల పని ఇది. ఒక్కసారి అడిగి చూడరాదూ?

నీ బామ్మర్ది
ప్రభుదాసు

టేకులపల్లి,
13-6-2025

బామ్మర్దికి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నేను బుధవారమే కొనేశాను. ఖమ్మం షాపువాడు అదే పని చేస్తుందన్నాడు. కాదేమో అని గట్టిగా అడగలేకపోయాను. అది స్పాంజిదే. గాలి బుడగలు వస్తున్నాయి. నురగ లేదు.

నేను దాన్ని బిగిస్తుంటే రాజు చూశాడు. గోడవైపు తిరిగాడు. అప్పటి నుంచి తొట్టి వైపు కూడా చూడటం లేదు. అందరి మోటార్లు చూసేవాడి ఇంట్లోకి పనికిరానిది తెచ్చానని కోపమేమో. లేక ఆ గొట్టం జోలికి పోయానని కోపమేమో. అడగమన్నావు. వాడి మంచం దాకా పోయాను. దుప్పటి సర్ది వచ్చేశాను.

డాక్టరు దగ్గరకు ఏప్రిల్లో వచ్చాడు, మేలో రానన్నాడు. మాత్రలు నా ముందే మింగుతాడు. మందు డబ్బాలు ఎప్పుడో దూరంగా పారేశాను. కూరగాయల కత్తి కూడా నా దిండు కిందే పెట్టుకుంటున్నాను. రాత్రి గడపకు అడ్డంగా పడుకుంటాను. లేస్తే నాకు తగలాలని. వినపడదు కదా.

తొట్టిని జానలతో కొలిచి బిందెల లెక్క కట్టాను. పదిహేను లీటర్ల బిందెలు పదికి కొంచెం వెలితి. గోడకు ఎడం జానెడు. కరెంటు గాలివాన వస్తే పోతుంది. పోతే ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పరు.

నీళ్ళు పచ్చబడ్డాయి. మూత తీస్తే వాసన. చిన్న చేప పైకి వచ్చి నోరు తెరిచి తెరిచి మూస్తోంది. జల్దీ రాయి.

సంసోను

ఉప్పాడ,
18-6-2025

బావా,

నూటనలభై లీటర్లు అనుకుందాం. ఇప్పుడు జాగ్రత్తగా చదువు.

స్కిమ్మర్లలో తొట్టి కింద ఇంకో తొట్టి పెట్టి అందులో నిలబెట్టేవి ఉంటాయి. అవి దర్జాగా పనిచేస్తాయి గానీ కరెంటు పోయి వస్తే నీళ్ళ మట్టం మారి ఇల్లంతా నురగ. మీ ఊరి కరెంటుకి వద్దు. తొట్టి వెనక తగిలించేవి ఉన్నాయి. రాజు తెచ్చింది అలాంటిదే, నీ జానెడు ఎడంలో పడుతుంది. అయితే డబ్బా మీద మూడు వందల లీటర్లకి అని రాస్తే నూటయాభైకి అని చదువుకోవాలి. అందరూ అలాగే రాస్తారు, పెళ్ళిచూపుల్లో వయసు చెప్పినట్టు. లోపల తిరిగే చిన్న చక్రం విడిగా దొరుకుతుందో లేదో అడగాలి. అది దొరకని స్కిమ్మర్ ఎంత మంచిదైనా ఒక్క ఏడాదిదే. గిన్నె ఒక చేత్తో ఊడి రావాలి, లేకపోతే ఎవరూ రోజూ కడగరు. కరెంటు వచ్చాక తనంతట తనే మళ్ళీ తిరగడం అందుకోవాలి. నీకు చప్పుడు వినపడదు కాబట్టి ఇది మరీ ముఖ్యం.

మా హేచరీలో పక్కన పెట్టినవి మూడున్నాయి. మేనేజరుని అడిగి ఒకటి పంపిస్తాను. వారం పట్టొచ్చు.

ఈలోగా వీటితో నెట్టుకురా. ఈ పార్శిల్లో రెండు కట్టె ముక్కలు పెట్టాను. గాలి పంపు గొట్టానికి తగిలిస్తే సన్నటి బుడగలు వస్తాయి. పంపు నీ దగ్గర ఉంది, ఆ పనికిరాని ఫిల్టరుదే. పెద్ద కూల్‌డ్రింకు సీసా అడుగు కోసి, నీళ్ళలో నిలువుగా కట్టి, కింద ఈ కట్టె పెట్టు. నురగ సీసా మూతి దాకా ఎక్కుతుంది. అక్కడ గొట్టం పెట్టి బయటి డబ్బాలోకి వదులు. నీకు నేను చెప్పాలా బావా? కల్లూరు గానుగల దగ్గర పాతికేళ్ళు బెల్లం వండినవాడివి. పాకంలో తెట్టె ఎలా తేల్చేవాడివో ఇదీ అంతే. తేలాలి, తియ్యాలి, పారెయ్యాలి. నీ చెయ్యి పడితే ఎందుకు రాదు!

ప్రభుదాసు

టేకులపల్లి,
26-6-2025

బామ్మర్దికి,

రెండు చేతులూ ఇంకా పట్టేసి ఉన్నాయి. అక్షరాలు సరిగా రావు.

నువ్వు చెప్పినట్టే సీసా కోసి కట్టాను. బుడగలు బాగా వచ్చాయి. ఒక రోజు చూశాను. నురగ అంచుకు పట్టి విరిగిపోతోంది. సీసా ఎక్కడం లేదు. రెండో రోజూ అంతే. చిన్న చేప పక్కకు ఒరిగి ఈదుతోంది. నీ ఉత్తరం మళ్ళీ చదివాను. పాకంలో తెట్టె ఎలా తేల్చేవాడివో అంతే అని ఉంది.

పాకంలో తెట్టె తేలకపోతే మేము బెండ జిగురు పోస్తాం. పోయగానే మురికంతా చాపలా పైకి లేస్తుంది. పాతికేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. సోమవారం పొద్దున నాలుగు బెండకాయలు దంచి, నీళ్ళలో పిసికి, గుడ్డలో వడకట్టి, చెంబుడు పోశాను.

నురగ లేచింది. సీసా దాటింది. తొట్టి దాటింది. నేల మీద పారింది. నేను సంతోషపడ్డాను బామ్మర్దీ. తెట్టె తీస్తున్నానని గరిటెతో తీస్తున్నాను. నీళ్ళు తెల్లగా అయ్యి చేపలు కనపడలేదు. కాసేపటికి రెండూ పైన తేలి గాలి మింగుతున్నాయి.

వెనక నుంచి ఎవరో నన్ను భుజం పట్టి పక్కకు లాగారు. రాజు. అయిదు నెలల్లో వాడు నన్ను తాకింది అదే.

"ఏం పోసినవ్?" అన్నాడు. నోరు నా చెవికి పెట్టి అరిచాడు. "ఏం పోసినవ్ నాయినా!"

"బెండ జిగురు."

"బెల్లం వండుతున్నవా?"

బయట స్తుతి కలిపి మూతపెట్టిన ఉప్పునీళ్ళ డ్రమ్ము ఒకటి మిగిలి ఉంది. దాన్ని ఇప్పటిదాకా వాడు తెరవనివ్వలేదు. తనే తెరిచాడు. రెండు బకెట్లు నింపి చేపలను చేత్తో అందులో వేశాడు. పంపు పెడదామంటే కరెంటు పోయింది. చెంబుతో నీళ్ళు ముంచి ఎత్తి పోయడం మొదలుపెట్టాడు, ఛాయ్ తిరగబోసినట్టు. గాలి కలవాలట. ఒక బకెట్టు వాడు, ఒక బకెట్టు నేను. పొద్దున నుంచి మూడింటి దాకా. చేతులు పడిపోయాయి.

మధ్యలో అడిగాడు. "గిట్ల పొయ్యమని నీకెవరు చెప్పిన్రు?"

"మీ మామ. గట్ల చెప్పలే. నేనే గట్ల అనుకున్న."

"మామకెప్పుడు రాసినవ్?"

"రాస్తున్న."

"నన్నడిగితే చెప్పకపోదునా?"

"అడిగితే మాట్లాడుతవా?"

ఎత్తి పోస్తూనే ఉన్నాడు.

నా బకెట్టులో ఉన్నది చిన్నది. మధ్యాహ్నం దాటాక చనిపోయింది. నా పేరున్నదే పోయింది, మంచిదే. పెద్దది ఉంది.

వాడు లేచాడు, మాట్లాడాడు. అది రాయడానికే కూర్చున్నాను. చేపను చంపింది మాత్రం నేనే.

సంసోను

ఉప్పాడ,
27-6-2025

బావా,

నీ నుంచి జవాబు లేదంటే నురగ పొంగి పొర్లుతోందన్నమాట! పాకం కుదిరిందా? కుదిరితే ఒక అచ్చు బెల్లం పంపించు.

స్కిమ్మర్ పంపడం ఇంకో వారం ఆలస్యమయ్యేట్టుంది. మేనేజరు ఊళ్ళో లేడు.

ఇంతకీ మన చేప ఎలా ఉంది? గాజు తొట్టిలోవి కాదు, మంచం మీది పెద్ద చేప సంగతి అడుగుతున్నా. మేత తింటోందా? గడప దగ్గర కాపలా మానకు. కత్తి సంగతి బాగా చేశావు, దిండు కిందే ఉంచు.

మా ఆవిడ నీకు ఎండు రొయ్యలు కట్టి ఉంచింది. స్కిమ్మర్‌తో పాటు వస్తాయి.

ప్రభుదాసు

టేకులపల్లి,
2-7-2025

బామ్మర్దికి,

నీ ఉత్తరం నిన్న పోస్టుమాన్ రాజు చేతికి ఇచ్చాడు. నేను వెనక దొడ్లో ఉన్నాను. పిలిచాడేమో, నాకు వినపడలేదు.

లోపలికి వచ్చేసరికి వాడు చదివేశాడు. "మిగతావి ఏవి?" అన్నాడు. బైబిల్లో ఉన్నాయి. తీసి ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది. అడిగితే కాదనలేను. అన్నీ చదివాడు. నా దిండు తీసి కత్తి చూశాడు. తీసుకోలేదు. మళ్ళీ దిండు పెట్టాడు.

"చేపల్ని గాదు, నన్ను కాయవట్టిన్రు," అన్నాడు. "మామకేమో నేను పెద్ద చేపను. మేత తింటున్ననా అని అడుగుతున్నడు."

"ఎగతాళికి రాసిండు బిడ్డా."

"నాకు తెల్వదా ఎగతాళి?" అన్నాడు. తరవాత చిన్నగా ఇంకేదో అన్నాడు. పెదవులు కదలడం చూశాను. ఏమన్నాడో వినపడలేదు. మళ్ళీ చెప్పమంటే చెప్పలేదు. రాత్రంతా అదేమై ఉంటుందా అని ఆలోచించాను.

నిన్న మధ్యాహ్నం నుంచి అన్నం ముట్టలేదు. మాత్రలు మింగలేదు. మంచం తొట్టి ముందు నుంచి తీసి బయటి గదిలో వేసుకున్నాడు. చేప వైపు చూడటం లేదు. ఆ ఒక్క చేప కూడా వాడికి అక్కరలేదు ఇక.

మనిద్దరం కలిసి వాణ్ణి ఒడ్డున వేశాం. నాకు తోచడం లేదు. ఏం చెయ్యాలి? జల్దీ రాయి. వీలైతే నువ్వే రా.

సంసోను

ఉప్పాడ,
6-7-2025

బావా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు చదవాలో తెలియక తేదీ చూసి చదివాను. బెండకాయ పోయించింది నేనే. పెద్ద చేప అన్నదీ నేనే. నోరు తిన్నగా ఉండదు నాది. చిన్నప్పుడు అక్క ఇందుకే వీపు మీద ఒకటి వేసేది.

నాకు సెలవు లేదు. రొయ్యపిల్లల బ్యాచ్ దిగే రోజులు, వదిలి వస్తే ఉద్యోగం ఉండదు. అందుకని వేరే ఆలోచన చేశాను. ఆ మూడు స్కిమ్మర్లకీ మేనేజరు ఒప్పుకున్నాడు. అందులో రెండు తిరగడం లేదు, మూడోది తిరిగి ఆగుతోంది. ఏది నమ్మదగిందో చూసి చెప్పే చెయ్యి నాకు ఇక్కడ లేదు. ఇది అబద్ధం కాదు బావా, నిజంగానే లేదు.

ఇందులో రాజు పేరున విడిగా ఒక కాగితం మడిచి పెట్టాను. అది నువ్వు చదవకు. వాడి చేతికివ్వు. చాటుమాటు ఉత్తరాలు ఇక చాలు.

మీ ఊరి ఆశా వర్కరుకి నేను ఫోన్ చేసి చెప్పాను. నీకు కోపం వస్తే రానీ. రోజూ వచ్చి చూసిపోతానంది. మాత్రలు మానకూడదని డాక్టరు చేత కూడా చెప్పిస్తానంది.

ప్రభుదాసు

టేకులపల్లి,
12-7-2025

బామ్మర్దికి,

ఈ ఉత్తరం రాజు చేతికే ఇచ్చి పంపుతున్నాను. కవరు అంటించలేదు. దారిలో వాడు చదవాలనే అంటించలేదు.

వాడికి నువ్వేం రాశావో నాకు తెలియదు. చదవలేదు. బుధవారం ఇచ్చాను. దిండు కింద పెట్టుకున్నాడు. ఆశా పిల్ల వచ్చి గంటసేపు కూర్చుని, మాత్రలు మింగించి పోయింది. ఆ పిల్ల ముందు కాదనలేకపోయాడు. గురువారం కడుపునిండా అన్నం తిన్నాడు. నిన్న గడ్డం గీసుకున్నాడు. బ్లేడు అడిగి తీసుకుని మళ్ళీ నా చేతికే ఇచ్చాడు. చూశావా అన్నట్టు ఇచ్చాడు.

సాయంత్రం అన్నాడు. "మామ దగ్గరికి పోయొస్త."

"నేనూ వస్త."

"నువ్వొస్తే చేపనెవరు చూస్తరు?"

"చేప పోతే పోనీ."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఈ నలభై రోజులూ ఆ చేప బతకాలని మోకాళ్ళ మీద పడ్డవాణ్ణి.

"పోనియ్యకు నాయినా," అన్నాడు.

అందుకని నేను ఇక్కడే ఉంటాను. కరెంటు పోతే చెంబుతో ఎత్తి పోయమన్నాడు. రోజూ బకెట్టు నీళ్ళు మార్చమన్నాడు. బెండకాయ ఇంట్లోకే తేవద్దన్నాడు. అలా అంటూ కొంచెం నవ్వినట్టున్నాడు. నాకు అలా కనిపించింది, నిజమో కాదో.

మూడింటిలో ఏది తేవాలో వాడే విప్పి చూసుకుంటాడు. నాకు పేరు రాయనక్కరలేదు. అయితే బస్సు కొత్తగూడెం నుంచి తొమ్మిది గంటలు. మధ్యలో గోదావరి వంతెన. నేను ఇక్కడ గడపకు అడ్డం పడుకుని ఏం లాభం? పంపకపోతే మళ్ళీ గోడవైపు తిరుగుతాడు. పంపుతున్నాను. చేరగానే ఆశా పిల్లకు ఫోన్ చేయించు.

ఇంకో సంగతి. పదకొండు నెలలుగా ఎవరికీ చెప్పనిది. మీ అక్క ఉండి ఉంటే ఆమెకు చెప్పేవాణ్ణి. నా తరఫున బయట మాట్లాడింది ఎప్పుడూ ఆమే.

పోయిన ఆగస్టులో వాడు విజయవాడలో ఉన్న రెండు రోజులూ ఇంట్లో ఉన్నది నేను. మొదటి రోజు దీపాల వేళ స్తుతి అంది, "ఒళ్ళు తేడాగా ఉంది మామయ్యా, ఆస్పత్రికి వెళ్దామా?" అని. ఒకటే వాన. బస్సు లేదు. ఎదురింటి పూల్‌సింగ్‌కు ఆటో ఉంది. వాళ్ళ గడప దాకా పోయాను. వాడు అన్నానికి కూర్చున్నాడు. తినేవాణ్ణి లేపడం ఎట్లా అని చూరు కింద నిలబడ్డాను. తిన్నాక అడుగుదామని. వాడు నన్ను చూడలేదు. తిని తలుపు వేసుకున్నాడు. తలుపు కొట్టడానికి చెయ్యి ఎత్తాను. మొహమాటం వేసింది. తిరిగి వచ్చి "పొద్దున పోదాం బిడ్డా" అన్నాను. "సరే మామయ్యా, ఆయనకి చెప్పకండి, కంగారుపడతారు" అంది. తెల్లారేసరికి వాగు పొంగింది. ఆ రోజంతా పోయింది.

రాజూ, ఇక్కడి నుంచి నీకే రాస్తున్నాను. నువ్వు విజయవాడ పోయినందుకు ఆ పిల్ల పోలేదు. నువ్వుంటే తలుపు కొట్టేవాడివి. నువ్వు లేనప్పుడు కొట్టాల్సింది నేను. నువ్వు ఆ మోటారును ముట్టుకోలేక పడి ఉన్నన్ని రోజులూ చూస్తూ ఊరుకున్నాను. చెప్పలేకపోయాను. చెబితే నువ్వు నన్ను చూడవని భయపడ్డాను. నన్ను ఏమనాలనుకున్నా అను. కానీ వచ్చి అను. నా చెవికి నోరు పెట్టి అరిచి అను. దానికోసమైనా తిరిగి రా.

ఈ పొద్దున పూల్‌సింగ్ అన్నం తింటుండగా పోయాను. చెయ్యి కంచంలో ఉండగానే అడిగాను, కొత్తగూడెం బస్టాండు దాకా దింపాలని. "గింతదానికి గంత వణుకుతవేంది పెద్దాయన? పా" అన్నాడు. చెయ్యి కడుక్కోవడానికే లేచాడు.

ఆటో బయట ఉంది. హారన్ కొడుతున్నాడట. నాకు వినపడదు. రాజు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. ఇచ్చేస్తున్నాను.

సంసోను